పన్నెండు పెట్టెల నిద్ర

చలికాలం, 118వ రోజు

బయట మైనస్ అరవై రెండు. బ్యాటరీ గదిలో ప్లస్ పదకొండు. పొద్దున దీపం పెట్టి వచ్చి బొంతలు విప్పి చూశాను. పాత ఇటుకలు ఇరవై. అన్నీ వెచ్చగానే ఉన్నాయి.

ఇటుకలంటే మా అమ్మ కాలం నాటి బ్యాటరీలు. సైజూ బరువూ ఇటుకంతే. చలిలో పని తక్కువ చేస్తాయి, మనుషుల్లాగే. దాంతో పెద్ద నష్టం లేదు. చల్లగా ఉండగా ఛార్జి పెడితేనే నష్టం. లోపల పాడైపోతాయి, పైకి తెలియదు. అందుకని ముందు బొంతలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాం. కరెంటు ఖర్చు లేకుండా వెచ్చబడతాయి. ఒక్కో ఇటుకకు రెండు గంటలు. ముప్పై ఏళ్ళుగా ఎగువమిట్టలో ఇది నా పని. చెయ్యి ఆనించి, అయిందో లేదో చెప్పగలను.

నా చెల్లెలు శేషు ఈ రోజు పన్నెండో పెట్టెకు మూత బిగించింది. నాలుగేళ్ళుగా ఒక ద్రవం మీద పని చేస్తోంది. మైనస్ అరవైలో కూడా గడ్డకట్టదు. ఆ ద్రవం పోసిన పెట్టెలు ఏ బొంతా లేకుండా బయటి చలిలో బండి లాగుతాయి. ఛార్జి పెట్టేటప్పుడు మాత్రం వాటికీ వెచ్చదనం కావాలి. ఒక్కో పెట్టె మూడు ఇటుకల మందం, ఇద్దరు మోయాలి.

అవి దిగువమిట్టకు వెళ్ళాలి. నూట అరవై కిలోమీటర్లు, అంతా మంచు. ప్రతి చలికాలం 132వ రోజుకు అటూ ఇటూగా అక్కడ గాలి పడిపోతుంది. పది పన్నెండు రోజులు గాలిమర తిరగదు. అన్నాళ్ళూ బోరును బ్యాటరీలే వేడిగా ఉంచాలి. వాళ్ళ బ్యాటరీలు ఈ ఏడు చలికి చచ్చిపోయాయి. బోరు గడ్డకడితే ఎండాకాలం దాకా నీళ్ళుండవు. అక్కడ ముప్పై ఒక్క మంది.

127న మా తమ్ముడు మాల్యాద్రి మంచుబండి తీసుకుని బయలుదేరతాడు. బండిని లాగేదీ ఆ పెట్టెలే, అక్కడ దిగేదీ అవే.

“ఒక నిద్ర చేయించాల,” అన్నాను.

“ఎవరికి?” అంది శేషు.

“పెట్టెలకి. పోలేరమ్మ దగ్గర.”

స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. “ఆ గది మైనస్ ముప్పై ఉంటది. పోలేరమ్మకి చలి లేదేమో, నా పెట్టెలకి ఉంది.”

“మనింట్లో కొత్త వస్తువేదైనా ఆమె దగ్గర ఒక రాత్రి పడుకున్నాకే పనిలో దిగింది. నువ్వు పుట్టినప్పుడు నిన్నూ పడుకోబెట్టాం.”

“అందుకేనా నా జలుబు యాభై ఏళ్ళయినా తగ్గలా.”

గుమ్మంలో నిలబడ్డ మాల్యాద్రి నవ్వాడు. “ఒప్పుకో చిన్నక్కా. బండెక్కేది నేను గదా. నాకూ ధైర్యంగా ఉంటది.”

వాడి మొహం చూసి శేషు మెత్తబడింది. “సరే. కానీ ఆడ్నించి తీసినాక ఆరు గంటలు వెచ్చబెట్టాల. ఆరు. ఇయ్యి నీ ఇటుకలు కాదు. నడిమి దాకా వేడి పోవాలంటే అంత పడుద్ది.”

“ఆరు,” అన్నాను.

120వ రోజు

నిన్న సాయంత్రం పన్నెండు పెట్టెలూ అమ్మవారి ముందు వరసగా పెట్టాం. పసుపు రాసి బొట్లు పెట్టాను. ఆ గది మా పెద్దలు భూమి నుంచి వచ్చి దిగిన ఓడలో ముందు భాగం. వేడి పెట్టం. ఆ ప్రయాణానికి మనిషికి ఆరు కేజీల సామానే ఇచ్చారట. మా ముత్తవ్వ అందులో నాలుగు కేజీలు పోలేరమ్మ రాయికే ఇచ్చింది. దిగిన చోటే ఉంచమంది. అక్కడే ఉంది.

మొదటి ఛార్జికి ముహూర్తం మధ్యాహ్నం ఒకటిన్నర. ఈ సూర్యుడికి సరిచేసి తాతయ్య రాసిన పంచాంగం చూసి నేనే పెట్టాను. అది తప్పితే మళ్ళీ 129వ రోజు దాకా మంచిది లేదు.

పొద్దున ఏడున్నరకు పెట్టెలు బయటికి తీయాలి. తలుపు రాలేదు. చట్రం చుట్టూ అరచేతి మందాన మంచు పేరుకుంది. మాల్యాద్రి ఉలి పెట్టి కొడుతూ కూర్చున్నాడు. తలుపు వచ్చేసరికి పదకొండు.

శేషు వర్క్‌షాప్‌లో జ్వరంతో పడుకుని ఉంది. లేపలేదు.

పెట్టెలు బ్యాటరీ గదిలోకి చేర్చి, పొయ్యి చుట్టూ పేర్చి, బొంతలు కప్పాం.

“అక్కా, టైం సరిపోద్దా?” అన్నాడు మాల్యాద్రి.

“సరిపోద్దిలే. నువ్వు బో, బండి చూసుకో.”

ఒకటింపావుకు ఒక్కో పెట్టె మీదా చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉన్నాయి. థర్మామీటర్ ఆనించాను. తొమ్మిది డిగ్రీలు. వెచ్చబెట్టి, ముహూర్తానికి ఛార్జి పెట్టాను.

121వ రోజు

అన్నీ నిండాయి. ఒక్కోటీ 53.2 వోల్టులు. వంటశాలలో పరమాన్నం చేశారు. శేషు జ్వరం తగ్గి లేచి వచ్చి, మీటరు చూసి, నా పక్కన కూర్చుని రెండు గిన్నెలు తిన్నది. తనకు సంతోషం వస్తే అంతే.

దిగువమిట్ట పెద్దాయన చెంచయ్య గారికి రేడియోలో చెప్పాం. ముందు ఎవరిదో ఏడుపు వినిపించింది. తర్వాత, “మా ఆవిడ ఏడుస్తా ఉందమ్మా, ఇంకేం లేదు,” అన్నారు.

122వ రోజు

కదిలించకుండా పక్కన పెట్టిన పెట్టెలు. అయిదో నంబరు 52.6. నిన్నటికన్నా 0.6 తక్కువ.

మీటరు మార్చి చూశాను. అదే.

123వ రోజు

అయిదు: 51.9. ఆరు: 52.4. తొమ్మిది: 52.3. పది: 52.5.

ఎవరూ వాడకుండా వోల్టులు పడిపోతున్నాయంటే లోపల ఎక్కడో కరెంటు కారుతున్నట్టు. శేషు పొద్దుటి నుంచి ద్రవం డబ్బా ముందు కూర్చుంది. చుక్క గాజుపలక మీద వేసి చూస్తుంది, తుడుస్తుంది, మళ్ళీ వేస్తుంది.

“లోపలి పలకల్ని తినేస్తా ఉందక్కా నా ద్రవం. ఇంకేం కాదు. మైనస్ అరవైలో గడ్డకట్టకుండా చేశా గానీ, అది పలకల్ని తింటదని చూసుకోలా.”

“రాత్రికి ఇంకోసారి చూద్దాం.”

“ఏంది చూసేది? నాలుగేళ్ళు. అంతా ఉప్పునీళ్ళే.”

నేను మీటరు తీసుకుని బయటికి వచ్చేశాను.

ఇక్కడ ఒక మాట రాయాలి. 120వ రోజు పేజీలో ‘వెచ్చబెట్టి’ అని రాశాను. ఎన్ని గంటలో రాయలేదు. రెండున్నర గంటలు. చెయ్యి వెచ్చగా ఉందంది, నమ్మాను. పైన తొమ్మిది డిగ్రీలుంటే నడుమ ఎంత ఉందో నాకు తెలియదు. ముహూర్తం దాటిపోతుందని మాత్రం తెలుసు.

అమ్మవారి ముందు కూర్చున్నాను. దీపంలో నూనె పోసి వచ్చేశాను.

124వ రోజు

శేషు అన్నం తినలేదు. పలకలు మార్చాలేమో, ఉప్పు తగ్గించాలేమో అని కాగితాల నిండా రాస్తోంది. మాల్యాద్రి పళ్ళెం తీసుకెళ్ళి పెట్టి, అలాగే తిరిగి తెచ్చాడు.

“పెద్దక్కా, నువ్వొక మాట చెప్పు. నువ్వు చెప్తే వింటది.”

సరే అన్నాను. శేషు గది దాకా వెళ్ళి తిరిగి వచ్చాను.

అయిదు: 50.8.

125వ రోజు

మధ్యాహ్నం వర్క్‌షాప్ నుంచి చప్పుడు వస్తే వెళ్ళాను. శేషు ద్రవం డబ్బా ఎత్తి తొట్టి మీద వంచబోతోంది. ఇరవై లీటర్లు. ఇంకో ఇరవై పెట్టెలకు సరిపోయేది.

“పారబోయొద్దు.”

“మళ్ళీ పాత ద్రవమే పోసుకుందాం. దిగువమిట్టోళ్ళకి చెప్పేద్దాం, రాలేం అని. నేను చెప్తా. తప్పు నాది.”

“తప్పు నాది శేషూ.”

నవ్వింది. “ఏంది, నీ పూజలో లోటు జరిగిందా?”

“రెండున్నర గంటలే వెచ్చబెట్టా.”

డబ్బా కింద పెట్టింది. నేను అంతా చెప్పాను. తలుపు, మంచు, పదకొండు గంటలు, ముహూర్తం, నా చెయ్యి. ఎక్కువసేపు పట్టలేదు. అయిదు రోజులు మోసిన మాట రెండు నిమిషాల్లో అయిపోయింది.

తను అయిదో నంబరు పెట్టె బల్ల మీదికి లాగి, మూత తీసి, నడిమి పలకలు విప్పింది. పలకల మధ్య వెండి రంగులో సన్నటి నాచు. ముళ్ళలాగా ఒక పలక నుంచి ఇంకో పలకకు పాకుతోంది. ఇది మా అమ్మ నాకు ఒక్కసారి చూపించింది, చిన్నప్పుడు. చల్లటి బ్యాటరీకి ఛార్జి పెట్టినవాళ్ళ ఇల్లు కాలిపోయిన ఏడు.

“నా ద్రవం కాదు,” అంది శేషు, తనలో తను. తర్వాత నా వైపు తిరిగింది. కేకలు వేస్తుందనుకున్నాను.

“చలికి పాడయినయ్యి, సరే. ఎవురికైనా జరుగుద్ది. మూడు రోజులు నేను గోడకి తల కొట్టుకుంటా ఉంటే చూస్తా కూర్చున్నావు. అదెట్టా అక్కా?”

విప్పిన పలకలు నేనే తీసి గుడ్డలో చుట్టాను.

సాయంత్రం భోజనాలప్పుడు వంటశాలలో అందరి ముందూ నిలబడి చెప్పాను. చివరి వరస నుంచి ఎవరో అన్నారు: “ముహూర్తం మించిపోకూడదని ముప్పై ఒక్క మందికి ముహూర్తం పెట్టావా పెద్దక్కా?” ఎవరూ నవ్వలేదు. అన్న మనిషి కూడా నవ్వలేదు.

126వ రోజు

మిగిలిన పదకొండింటినీ శేషు ఒక్కొక్కటిగా పరీక్షించింది. పొయ్యికి ఆనుకున్నవి, పై వరసలోవి తొందరగా వేడెక్కాయి కాబట్టి బతికాయి. ఒకటి, రెండు, మూడు, పన్నెండు: అంకె కదల్లేదు. ఎనిమిది: ఆరు రోజుల్లో 0.1 తగ్గింది. మిగతావి పోయాయి.

నాతో మాట్లాడదు. మా ఇద్దరి మధ్యా మాల్యాద్రి నిలబడి ఉన్నాడు.

“ఆవిడకి చెప్పు,” అంది శేషు వాడితో, “దారికి నాలుగు కావాల, కేబిన్‌లో హీటర్ వేసుకుంటే అయిదు.”

“అక్కా, నాలుగంట, హీటర్ ఉంటే అయిదంట. ఏందిది, నేను మీ ఇద్దరికీ రేడియోనా?”

“ఎనిమిదో నంబరు వొద్దని చెప్పు,” అన్నాను. “0.1 అయినా తగ్గింది గదా.”

“అది లేకపోతే హీటర్ లేకుండా రెండు రోజులు. ఆవిడ పోతదా అట్టా, అడుగు.”

“నేను పోతా,” అన్నాను.

ఇద్దరూ నన్ను చూశారు. మాల్యాద్రి తల అడ్డంగా ఊపాడు. “నీకు బండి లివర్ లాగడం రాదు. బరువొకటి దండగ. అయిదూ తీసుకుపోతా. అక్కడ బోరుకి నాలుగుంటే చాలన్నారు గదా, ఒకటి పోయినా పర్లేదు.”

“నువ్వు పోవద్దురా.”

“ముప్పై ఒక్క మంది అక్కా.”

అమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. నేను పెంచాను. ఇలా మాట్లాడడం నేనే నేర్పాను కాబోలు.

శేషు ఒక సన్నటి తీగ థర్మామీటర్ చేసింది. పెట్టె మూతకు చిల్లి పెట్టి నడుమ దాకా దూర్చి చూడవచ్చు. దాన్ని మాల్యాద్రి సంచిలో పెట్టింది. నాలుగేళ్ళ నుంచి ఇది ఎందుకు చేయలేదా అని తనను తనే తిట్టుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

127వ రోజు

మైనస్ అరవై ఏడు. మాల్యాద్రి పొద్దున తొమ్మిదికి బయలుదేరాడు. వెళ్ళేముందు అమ్మవారి గదికి వెళ్ళి దణ్ణం పెట్టుకున్నాడు. నేను బొట్టు పెట్టబోతే నుదురు ముందుకు వంచాడు, చిన్నప్పటిలాగే. ముహూర్తం చూశావా అని అడగలేదు. నేనూ చూడలేదు.

సాయంత్రానికి అరవై రెండు కిలోమీటర్లు, రేడియోలో చెప్పాడు. పెట్టెలు బాగా లాగుతున్నాయట. “చిన్నక్క ద్రవం ఉప్పునీళ్ళు కాదని చెప్పు,” అన్నాడు. శేషు పక్కనే ఉంది, విన్నది. ముఖం తిప్పుకుంది.

128వ రోజు

పదకొండున్నరకు రేడియో.

“అక్కా, ఎనిమిది పోయింది. పొద్దున 53 ఉంది, ఇప్పుడు 30. ఉబ్బింది, పొగ వాసన. తీగలు కోసి మంచులోకి తోసేశా.”

శేషు నా చేతిలోంచి రేడియో లాక్కుంది. “కాలిందా ఏమన్నా? నువ్వు బాగున్నావా?”

“బాగున్నా. ఇంకా యాభై ఎనిమిది కిలోమీటర్లు ఉంది.”

“హీటర్ ఆపెయ్యి.”

“ఆపేశా.”

“చేతులు రెండూ చంకల్లో పెట్టుకో.”

“లివర్ ఎవరు పట్టుకుంటారు, మీ పోలేరమ్మా?” అన్నాడు. దగ్గాడు. “కుడి చెయ్యి పెట్టుకుంటాలే. ఎడమ చేత్తో పట్టుకుంటా.”

అక్కడ మైనస్ డెబ్భై ఒకటి. తర్వాత గంటకోసారి పిలిచాం. నాలుగింటి దాకా పలికాడు. తర్వాత పలకలేదు.

జపమాల పట్టుకున్నాను. పేరు నోటికి రాలేదు, అంకెలు వచ్చాయి. ఎడమ చేయి, అయిదు వేళ్ళు, యాభై ఎనిమిది కిలోమీటర్లు.

129వ రోజు

పొద్దున తొమ్మిదికి చెంచయ్య గారి గొంతు. “వచ్చాడమ్మా మీవాడు. మూడు కిలోమీటర్ల అవతల బండి నిలిచిపోయింది. దీపం కనపడి మేం తాళ్ళు కట్టి లాక్కొచ్చాం. ముసలోళ్ళం, ఆడోళ్ళం, అందరం. ఊపిరి ఉంది. నాలుగు పెట్టెలూ ఉన్నాయి.”

“మా వాడి చెయ్యి?”

“ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరం వేలు నల్లబడ్డాయి. తీసేయాల్సి వస్తదేమో. మా నర్సమ్మ చూస్తా ఉంది.”

శేషు లేచి వర్క్‌షాప్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను పెద్ద పొయ్యిలో బొగ్గులు సర్దాను. ఇటుకలకు బొంతలు మార్చాను. చేతులకు పని ఉండాలి.

మధ్యాహ్నం చెంచయ్య గారు మళ్ళీ పిలిచారు. వేళ్ళు తీసేశారట. వాడు నిద్రపోతున్నాడట.

“ఇంకో మాట కోటేశ్వరమ్మా. గాలి ఇప్పుడే తగ్గుతా ఉంది. ఈసారి రెండు రోజులు ముందే పడిపోయేట్టుంది. రేపు సాయంత్రానికల్లా ఆగిపోద్దంటున్నారు మావోళ్ళు. పెట్టెలు ఖాళీగా ఉన్నాయి. ఇప్పుడే ఛార్జి పెట్టమంటావా?”

“పెట్టె లోపల ఎంతుంది?”

“తీగ దూర్చి చూశాం. మైనస్ నలభై నాలుగు. పైన మాత్రం వేడెక్కింది, చెయ్యి పెడితే తెలుస్తా ఉంది.”

“చేతిని నమ్మొద్దండీ.”

“అదట్టా ఉంచు. ఇక్కడ ఆడోళ్ళు ఇంకోటి అడుగుతా ఉన్నారు. కొత్త పెట్టెలు గదా, అమ్మవారి దగ్గర ఒక నిద్ర చేయించకుండా ఎట్టా అని. మీ రాయిలోంచి తెచ్చిన ముక్కే గదా మా దగ్గరున్నది. అక్కడ మీరు చేయిస్తిరి, ఇక్కడా చేయించకపోతే అపచారమంటున్నారు. ముహూర్తం నువ్వే చెప్పాలంట. పెద్దదానివి.”

వాళ్ళకు ఏం జరిగిందో తెలుసు. 125న వంటశాలలో చెప్పిన మాటే ఆ సాయంత్రం రేడియోలోనూ చెప్పాను. తెలిసి కూడా అడుగుతున్నారు. నా మాట అంటే వాళ్ళకు ఇంకా నమ్మకం. నేనైతే ఇప్పుడు నన్ను నమ్మను.

వర్క్‌షాప్ తలుపు తెరుచుకుంది. శేషు గుమ్మంలో నిలబడి ఉంది. విన్నది. నేను ఏమంటానో అని చూస్తోంది. ముప్పై ఏళ్ళుగా నేనేమంటానో తనకు ముందే తెలుసు. ఈసారి తెలియదు.

“చెంచయ్య గారూ, పెట్టెల్ని అమ్మవారి దగ్గరికి తీసుకుపోవద్దు. అమ్మవారినే పెట్టెల దగ్గరికి తీసుకురండి. పొయ్యి ఉన్న గదిలోకి. మీ ఇళ్ళల్లో ఉన్న బొంతలన్నీ కప్పండి. ఆమెకీ ఒక బొంత కప్పండి.”

“కదిలించొచ్చా తల్లీ?”

“ముత్తవ్వ అంత దూరం నించి కదిలించి తెచ్చింది. ఈ గది నించి ఆ గదికి ఏం కాదు.”

“ముహూర్తం?”

“నడుమ దూర్చిన తీగ పది డిగ్రీలు చూపించినప్పుడు.”

“అదెప్పుడు?”

“తెలీదండీ. మీ పొయ్యి చిన్నది, రేపు మధ్యాహ్నం కావొచ్చు. ఆ తర్వాతా కావొచ్చు.”

“గాలి ఆగిపోతే?”

“ఆగిపోయినా సరే, ముందు పెట్టొద్దు. ముందు పెడితే అన్నీ పోతాయి, గాలి ఉన్నా ఉపయోగం లేదు.”

“ఇట్టాంటి ముహూర్తం నేను డెబ్భై ఏళ్ళలో వినలేదు.”

“నేనూ ఎప్పుడూ చెప్పలేదండీ.”

130వ రోజు

గంటకోసారి అంకె చెప్పారు. పొద్దున ఎనిమిదికి మైనస్ పన్నెండు. పదింటికి మైనస్ మూడు. పెట్టెల చుట్టూ మనుషులు కూర్చున్నారట, వీపులు ఆనించి, వంతులు వేసుకుని. పన్నెండుకు ప్లస్ నాలుగు. అక్కడ గాలిమర నెమ్మదిస్తోందని చెప్పిన గొంతు చెంచయ్య గారిది కాదు, వాళ్ళావిడది. “అమ్మాయ్, నాలుగు చాలదా? మనం చేత్తో చూసుకునేటప్పుడు నాలుగుకే పెట్టేవాళ్ళం గదా?”

“పెట్టేవాళ్ళమేమో అత్తా. మన చేతులకి తెలీదు. పది రానీ.”

ఆమె రేడియో పెట్టేసింది. కోపం వచ్చిందేమో.

రెండూ ఇరవైకి పది డిగ్రీలు. రెండూ ఇరవై రెండుకు ఛార్జి పెట్టారు. ఆ వేళ పంచాంగంలో ఏముందో నేను చూడలేదు.

సాయంత్రం ఆరుకు గాలి ఆగిపోయింది. పెట్టెలు ఎనభై నాలుగు శాతం నిండాయి. నాలుగు పెట్టెల మీద బోరు తొమ్మిది రోజులు నడుస్తుందట, పొదుపుగా అయితే పది. గాలి పన్నెండు రోజులు కూడా ఆగిపోవచ్చు.

మాల్యాద్రి మాట్లాడాడు. గొంతు బొంగురుగా ఉంది.

“ఎట్టా ఉంది రా చెయ్యి?”

“మూడు వేళ్ళతో కంచం పట్టుకోవడం నేర్చుకుంటన్నా. బాగానే నిలుస్తా ఉంది.”

“మాల్యా.”

“ఏందక్కా.”

“నావల్ల.”

రేడియోలో గరగర శబ్దం. తర్వాత అన్నాడు: “అవునక్కా, నీవల్లే. కాదనను. ఇంకోసారి అనొద్దు, వినలేను.”

ఎండాకాలం దాకా వాడు అక్కడే. తిరిగి రావడానికి ఛార్జి లేదు.

131వ రోజు

అసలు పరీక్ష ఇవాళ. ఛార్జి తీసేశాక కదల్చకుండా ఒక రోజు పెట్టి చూడాలి. అంకె తగ్గితే నాచు పట్టినట్టే. బోరు వేడిని ఇవాళ ఒక్కరోజు పాత కట్టెల పొయ్యి మీద నెట్టుకొస్తున్నారు. ఇంట్లో మంచాలు, కుర్చీలు పొయ్యిలో పెడుతున్నారట. నిన్న సాయంత్రం నాలుగు పెట్టెలూ 52.4.

శేషుకు నేను చెప్పలేదు, తను అడగలేదు. కానీ పొద్దుటి నుంచి బ్యాటరీ గదిలోనే ఉంది. పాత ఇటుక ఒకటి ఒళ్ళో పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. తనకు ఆ పని ఎప్పుడూ ఇష్టం ఉండదు. ఊరికే కూర్చోవడం అంటుంది.

జపం చేయలేదు. అమ్మవారిని ఏమీ అడగలేదు. అడిగే హక్కు ఎక్కడ ఉందో తెలియడం లేదు. దీపం మాత్రం పెట్టాను.

ఆరుకు రేడియో పలికింది. చెంచయ్య గారు మీటరు దగ్గర నిలబడి ఒక్కొక్కటే చదివారు.

“ఒకటి. 52.4. రెండు. 52.4. మూడు…” ఆగారు. “కళ్ళద్దాలు తుడుచుకోనీ. మూడు. 52.4.”

“పన్నెండు?”

“పన్నెండు. 52.4.”

“మళ్ళీ చదవండి.”

మళ్ళీ చదివారు. అదే.

రేడియో కింద పెట్టాను. అక్కడ ఈ రాత్రికి పెట్టెలు బోరుకు కలుపుతారు. పదో రోజు తర్వాత గాలి రాకపోతే ఏమవుతుందో ఎవరికీ తెలియదు.

ఎదురుగా శేషు ఇటుకను బొంతలో మళ్ళీ చుట్టింది. చుట్టడం సరిగా రాలేదు, ఒక కొస బయటే వదిలేసింది.

“ఎంతంట?” అంది, అంతా విని కూడా. ఆరు రోజుల తర్వాత నాతో మొదటి మాట.

చెప్పాను.